మంచులో చిన్న మనిషి

సా పా అనే కొండల ఊళ్లో ఫొటోగ్రాఫర్ త్వాన్ ఇల్లు. భార్య థోమ్ పోయి రేపటికి నలభై తొమ్మిది రోజులు. ఆ రోజు కర్మ చేసి, పోయిన పెద్దల ఫొటోలుండే పీట మీద ఆమె ఫొటో కూడా పెట్టాలి. ముందుగదిలో నేలంతా ఫొటోలు పరుచుకుని త్వాన్, కూతురు మేన్ కూచున్నారు. వంటింట్లో థోమ్ అక్క లువా కోడిని ఉడకబెడుతోంది.

"ఈ ఫొటోలో మీ అమ్మ మెడలో ముత్యాల దండ ఎక్కణ్నుంచొచ్చింది?"

"స్టూడియో థిన్ పెట్టాడు నాన్నా, కంప్యూటర్లో. పెద్దల పీట మీద పెట్టే ఫొటోలన్నిటికీ పెడతాడట. ఆ ఊదారంగు సిల్కు బట్టలు కూడా వాడివే."

"మీ అమ్మ జన్మలో ముత్యాలు వేసుకుందా?"

"లేదు."

"ఈ బుగ్గలేంటి, పిండి పూసినట్టు? ఇక్కడ, కంటి పక్కన, ముడతలుండాలి కదా. ఏవి?"

"తుడిచేశాడు. అడక్కపోయినా తుడిచేస్తాడు. అందరూ అదే బావుందంటారట."

"టీవీలో వార్తలు చదివే ఆవిడలా ఉంది. ఈవిడెవరో నాకు తెలీదు. ఈవిడకి నేను అగరొత్తులు వెలిగించను."

"మరి ఇంకోటి ఏది నాన్నా? పొద్దున్నుంచీ వెతుకుతూనే ఉన్నాం. గుర్తింపు కార్డు మీది ఒక్కటే ఉంది, దాన్నే పెద్దది చేశాడు థిన్. పెళ్లి ఫొటోలో అమ్మ కళ్లు మూసుకుంది. ఇన్నేళ్లూ నువ్వు..."

"ఏం, ఆగిపోయావేం? అను."

"ఏం లేదు."

"ఇరవై ఏళ్లు కెమెరా భుజానేసుకుని తిరిగినవాడు పెళ్లాం మొహం ఒక్కసారి తియ్యలేదు. అదేగా?"

"నేనలా అనలేదు."

"అనకపోయినా అంతే. తియ్యలేదా అంటే తీశాను. వెయ్యిసార్లు తీశాను. అన్నీ వీపే."

"నువ్వేగా నాన్నా తిరగొద్దనేవాడివి."

"మొహం కనపడితే జనం మొహం చూస్తారే తల్లీ. కొండని చూడరు. వీపు తిప్పుకుని నిలబడితే, తనెటు చూస్తుంటే అటు చూస్తారు. మంచులోకి చూస్తారు. అది పని. పనిలో అలాగే ఉంటుంది."

"నేనేమీ అనట్లేదు కదా."

"అదే. అంటే బావుండును."

"ఈ గుట్టలో ఇంకేమీ లేవు. పక్కకి నెట్టెయ్యనా?"

"ఉండు. అది ఇటియ్యి. ఆ కింది పెద్దది."

"ఏది, ఇదా?"

"ఎరుపు కోటుది. జాగ్రత్తగా, అంచులు పట్టుకో. మధ్యలో వేలు పెట్టకు."

"ఇదెందుకు నాన్నా ఇప్పుడు?"

"ఇటు పెట్టు, కిటికీ వెలుతురు పడేట్టు. ఆ... చూడు. మూడొంతులు ఏమీ లేదు, ఉత్త తెలుపు. అందరూ ఏం చేస్తారు? భయపడతారు. ఇంత ఖాళీనా అని ఏదో ఒకటి ఇరికిస్తారు, చెట్టో, గుడిసో. ఇరికించకూడదు. ఇదిగో, దగ్గరి గట్టు నల్లగా. దాని వెనకది బూడిదగా. ఆ వెనకది ఉందా లేదా అన్నట్టు. మూడూ విడివిడిగా కనపడాలంటే మంచు వాటి సందుల్లోకి దిగాలి. దిగి, ఆగాలి. ఆ ఆగడం కోసమే పడిగాపులు. ఇప్పుడు ఈ ఎర్రచుక్క మీద వేలు అడ్డం పెట్టి చూడు. తగలకుండా, పైన పట్టుకో. ఏమైంది?"

"ఏమీ లేదు. మంచు."

"అదీ. ఈ గోరంత మనిషి లేకపోతే ఇది కొండే కాదు. ఎంతెత్తో తెలీదు, ఎంత లోతో తెలీదు. ఎవరో కిటికీ అద్దం మీద ఊదినట్టుంటుంది."

"బావుంది నాన్నా. పోటీలో బహుమతి కూడా వచ్చింది దీనికి. పక్కన పెట్టనా?"

"పక్కన కాదు. పీట మీద ఇదే పెడదాం."

"ఏంటి?"

"ఇదే. ఫ్రేము కట్టించి పీట మీద పెడదాం."

వంటింట్లోంచి గరిటె చేత్తో పట్టుకుని లువా వచ్చింది.

"ఏం తేల్చారు? ఫ్రేము కట్టేవాడు సాయంత్రంలోగా పంపమన్నాడు. రేపు పంతులుగారొచ్చేసరికి పీట మీద ఫొటో లేకపోతే నా పరువు పోతుంది మరిదీ."

"తేల్చాం వదినా. ఇది."

"ఏది? ఇందులో మా థోమ్ ఏది?"

"ఇక్కడ. కింద, ఎడం పక్కన."

"ఈ మిరపకాయంతదా?"

"అదే."

"వీపు."

"వీపే."

"మీకేమన్నా మతిపోయిందా? పోయినవాళ్లు పీట మీంచి ఇంటివైపు చూడాలి. పిల్లల్ని చూడాలి. వీపు తిప్పితే ఇల్లొదిలి పోతున్నట్టు కాదూ? రేపు ఇరవైమంది వస్తారు. అందరం వంగి వంగి వీపుకి దణ్ణాలు పెట్టాలా?"

"పోయిందిగా వదినా. ఇల్లొదిలి పోయిందిగా."

"మాటలు నేర్చావు. పక్కన మీ అమ్మగారి ఫొటో ఉంది, అంత మొహంతో. ఆవిడ ఇన్నేళ్లకి కోడలొచ్చిందని ఇటు తిరిగితే ఏం చూస్తుంది? మేన్, నువ్వైనా చెప్పవే మీ నాన్నకి. థిన్ ఇచ్చింది లక్షణంగా ఉంది. ముత్యాలు కూడా ఉన్నాయి."

"చెప్తున్నాను పెద్దమ్మా."

"ఏం చెప్తున్నావు? నోట్లోంచి మాట రావట్లేదు నీకు. అయ్యో, అన్నం అడుగంటుతున్నట్టుంది. నేనొచ్చేసరికి తేల్చండి. మొహం ఉన్నదే తేల్చండి."

లువా వెళ్లిపోయింది.

"మీ పెద్దమ్మ మాట వదిలెయ్. నువ్వు చెప్పు. నీకూ ఇష్టం లేదా?"

"ఇష్టం లేకపోవడమని కాదు."

"మరి?"

"వీపే పెట్టాలంటే పాతవి బోలెడున్నాయి కదా. ఇదిగో, ఇది చూడు. పీచ్ చెట్టు పక్కన."

"అందులో కొమ్మ మీ అమ్మ నెత్తిలోంచి మొలిచినట్టుంది. అప్పటికి నాకు చూసుకోవడం రాదు."

"ఇది?"

"మంచు మసిగుడ్డలా లేదూ? కెమెరాకి తెలుపంటే నమ్మకం ఉండదే. అంత తెలుపు చూస్తే ఏదో తప్పు జరిగిందనుకుని బూడిదరంగు చేసేస్తుంది. మనమే కాస్త ఎక్కువ వెలుతురు తినిపించాలి. అదీ అప్పటికి తెలీదు."

"పోనీ ఇది. వరిమళ్ల పైన నిలబడింది. దీంట్లో అన్నీ బావున్నాయి."

"మనిషి కదిలింది. చూడు, కోటు అంచు మసకబారింది. అంత మంచి మంచు పడితే కదిలిపోయింది. ఆ రోజు ఇంటికొచ్చి కేకలేశాను కూడా."

"కదిలితే ఏం నాన్నా."

"అమ్మాయ్. నువ్వు ఇందాకట్నుంచీ అన్నీ పాతవే చూపిస్తున్నావు."

"లేదే."

"ఈ ఎర్రకోటుది తప్ప ఏదైనా ఫరవాలేదంటున్నావు. ఎందుకు?"

"పాతవాటిలో... పాతవాటిలో అమ్మ ఆరోగ్యంగా ఉంది. అంతే."

"ఆ. అదే నేనూ అనేది. ఇందులో లేదు. అందుకే ఇది కావాలి నాకు."

"అంటే?"

"డాక్టరేమన్నాడు? ఆసుపత్రి వరండాలో, నీ ఎదురుగానే కదా అన్నాడు. రెండేళ్లుగా ఉంది, గుండె కవాటం సరిగ్గా మూసుకోవట్లేదు, ఈమెని చలిలో తిప్పకూడదు, మెట్లెక్కించకూడదు, మీరు చూసుకోలేదా అన్నాడు. అన్నాడా లేదా?"

"అన్నాడు."

"ఈ ఫొటో ఎప్పటిది? పోయిన చలికాలంది. నేను కనుమ మీద, రోడ్డు పక్కన. తను లోయకి అవతల, నల్లబండ మీద. ఇంటినుంచి నల్లబండకి దారెలా ఉంటుందో నీకు తెలుసు."

"తెలుసు."

"ఆ గుండెతో చీకట్లో ఆ దారంతా ఎక్కింది. మంచు కుదరదు. నేనేమో ఈలలేస్తూనే ఉన్నాను. ఒక ఈల, ఎడమకి జరుగు. మళ్లీ ఒకటి, ఇంకా ఎడమకి. రెండు ఈలలు, ఆగు. కాదు, మళ్లీ కుడికి. గంట దాటింది. గంటన్నర. ఒక్కసారన్నా కూలబడలేదు. ఒక్కసారి చెయ్యి ఊపలేదు, నావల్ల కాదు అని. నేను పొడుగు ఈల వేసి, అయిపోయింది ఇంటికెళ్లు అనేదాకా అలా నిలువునా నిలబడింది."

"నాన్నా, ఇంక చాలు."

"చాలదు. నేనే చంపాను మేన్ మీ అమ్మని."

"అలా అనకు."

"మీ పెద్దమ్మ అనదు. నువ్వనవు. ఊళ్లో ఎవరూ అనరు, కాఫీ తెచ్చిస్తారు. అందుకే దీన్ని పీట మీద పెట్టమంటున్నాను. రోజూ పొద్దున్నే ఈ వీపు ముందు నిలబడాలి నేను. తను నిలబడ్డంత సేపూ నిలబడాలి. బతికున్నన్నాళ్లూ."

"ఆ రోజు అమ్మకేం కాలేదు నాన్నా."

"నీకేం తెలుసు? నువ్వు హోటల్లో డ్యూటీలో ఉన్నావు."

"లేను."

"ఉన్నావు. పొద్దున షిఫ్టు నీది. నేను ఇంటికొచ్చేసరికి నువ్వింకా రాలేదు."

"డ్యూటీ మార్పించుకున్నాను ఆ రోజు."

"ఎందుకు?"

"నల్లబండ మీదున్నది అమ్మ కాదు నాన్నా. నేను."

"ఏం మాటలవి?"

"ఆ ఎర్రకోటులో ఉన్నది నేను."

"పిచ్చిదానా. నన్ను ఊరుకోబెట్టాలని ఏదైనా అంటావా? మీ అమ్మ భుజం నాకు తెలీదా? ఇటు చూడు, భూతద్దం పెట్టి చూడు. ఎడమ భుజం కిందికి లేదూ? కావడి మోసీ మోసీ అలా వాలిపోయింది. వెయ్యిమందిలో నిలబెట్టినా పట్టేస్తాను."

"కుడికాలి మీద బరువెయ్యాలి. ఎడమ భుజం రెండువేళ్లు దించాలి. మెడ కొంచెం ముందుకి. చేతులు కోటు జేబుల్లో పెట్టకూడదు, వేలాడెయ్యాలి. అమ్మ నేర్పింది. వంటింట్లో, గోడకేసి తిప్పి నిలబెట్టి నేర్పింది. నేను నవ్వుతుంటే తిట్టేది. ఇంకొంచెం దించవే, మీ నాన్నకి నా భుజం తెలుసు, పట్టేస్తాడు అనేది."

"పట్టేస్తాననేదా?"

"మొదటిసారి నల్లబండ మీద నిలబడ్డప్పుడు నాకు భయమేసింది, నువ్వు ఈల ఆపేసి, ఎవరే నువ్వు అని అరుస్తావేమోనని."

"నేనేం చేశాను?"

"ఒక ఈల వేశావు. ఎడమకి జరిగాను."

"ఎన్నిసార్లు?"

"రెండు చలికాలాలు."

"అన్నీ నువ్వేనా?"

"పోయిన ఏడువి అన్నీ. అంతకుముందువి చాలావరకు."

"ఇది?"

"నేనే."

"ఈ వెదురుపొదలది?"

"నేనే నాన్నా."

"ఇది. ఇదీ?"

"ఊ."

"మరి మీ అమ్మ ఎక్కడ? ఇందులో ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. ఆఖరిసారి ఎప్పుడు?"

"ఇందాక చూపించాను. వరిమళ్ల పైది. కదిలిందన్నావు."

"కదిలింది."

"ఊపిరాడక తూలింది. ఇంటికొచ్చి పెరట్లో కుళాయి దగ్గర కూలబడిపోయింది. నువ్వు చీకటిగదిలో ఫిల్ము కడుగుతున్నావు. నేను నిన్ను పిలవబోతే నా నోరు మూసింది. తలుపు తీస్తే ఫిల్ము పాడైపోతుందే అంది."

"నేనా సాయంత్రం కేకలేశాను."

"వేశావు."

"ఎందుకు కదిలావు, నీకేం తొందరొచ్చింది అన్నాను. తనేమందో తెలుసా? దోమ కుట్టింది అంది. చలికాలం, దోమ. నేను నమ్మాను."

"నువ్వే కాదు, మొదట్లో నాకూ చెప్పలేదు."

"తెలిశాక నువ్వైనా చెప్పొచ్చు కదా."

"ఒట్టు వేయించుకుంది. చెప్తే ఆయన కెమెరా పెట్టెలో పెట్టేస్తాడు, పొద్దస్తమానం ఇంట్లో కూచుని నా మొహం చూస్తాడు, అలవాటు లేని పని, నాకు సిగ్గేస్తుంది అని నవ్వింది."

"సిగ్గేస్తుందందా?"

"అంది."

"ఇరవై ఏళ్లు మీ అమ్మని చూశాననుకున్నాను నేను. ఎర్రకోటుని చూశాను. కోటుంటే చాలు నాకు. లోపల ఎవరున్నా ఒకటే."

"దూరం నాన్నా. మంచు. ఎవరికి తెలుస్తుంది?"

"దూరం కాదు. ఇంట్లో ఎంత దూరం ఉంటుంది? ఒకే చాప మీద కూచుని అన్నం తిన్నాం."

"నిన్ను ఏడిపించాలని చెప్పలేదు. నువ్వు చంపానంటున్నావు, వినలేకపోయాను. నువ్వు నిలబెట్టింది నన్ను. నాకేం కాలేదు. ఇదిగో, బాగానే ఉన్నాను."

"ఆ వరిమళ్లది ఇలా ఇయ్యి."

"ఇదిగో."

"మసకగా ఉంది."

"మసకగా ఉన్నా అమ్మే."

"ఇదే పెడదాం. వీపైనా, మసకైనా. మీ పెద్దమ్మ అరిస్తే అరవనీ."

"పెద్దమ్మకి నేను చెప్తాను. పక్కన థిన్ ఇచ్చింది కూడా పెడదాం, చిన్నది, ఆవిడ సంతోషానికి."

"ముత్యాలు తీసెయ్యమను."

"తీయిస్తాను. ముందు మొహం తుడుచుకో. ఇంకా ఒక్క సంగతి చెప్తే నవ్వుతావేమో. నువ్వు కెమెరా వెనక నిలబడి నీలో నువ్వే మాట్లాడుకుంటావట కదా."

"ఎవరన్నారు?"

"చలేస్తోందా థోమ్, ఇంకొంచెమే, ఇదిగో మంచు దిగుతోంది, ఎంత బావున్నావో నీకు తెలీదు, ఇంటికొచ్చాక చెప్పడం రాదు నాకు, అని. అలా గొణుగుతూనే ఉంటావట."

"ఎవరన్నారు మేన్? కనుమ మీద నేనొక్కణ్నే ఉంటాను. నల్లబండకి కేకేసినా వినపడదు, అందుకేగా ఈలలు."

"అమ్మ చెప్పింది."

"మీ అమ్మకెలా తెలుస్తుంది? నువ్వు నల్లబండ మీదుంటే తను ఇంట్లో..."

"ఆ ఒక్కరోజూ ఇంట్లో లేదు. ఇన్నేళ్లు అటు నిలబడ్డాను, ఇటునుంచి ఎలా ఉంటానో ఒక్కసారి చూస్తానంది. ఎంత చెప్పినా వినలేదు. పక్కింటి సిన్ తన మోటారుసైకిలు మీద దుప్పటి కప్పి, రోడ్డెంట కనుమ దాకా తీసుకెళ్లాడు."

"ఏ రోజు?"

"నీ ఎర్రకోటు ఫొటో రోజే."

"ఆ రోజు కనుమ మీద ఎవరూ లేరు. మొక్కజొన్నలు కాల్చే మై ఒక్కతే, నా వెనకాల పాకలో."

"మై పక్కనే కూచుంది అమ్మ. పొయ్యి దగ్గర. నీ మాటలన్నీ విని, ఇంటికొచ్చి నాకు చెప్తూ చిన్నపిల్లలా నవ్వింది నాన్నా. ఆ రాత్రి అన్నం కూడా రెండోసారి పెట్టించుకుంది."

"నా వెనకాలా?"

"పదడుగులట."

"పిలవచ్చు కదా. ఒక్కసారి పేరు పెట్టి పిలిస్తే తిరిగేవాణ్ని కదా."

"మంచు కుదురుతోందట అప్పుడే. పిలిస్తే చెడుతుందని ఊరుకుంది."

"పొయ్యి దగ్గరన్నావు."

"ఊ. వెచ్చగా ఉంటుందని మై అక్కడ కూచోబెట్టింది."

"మేన్, ఆ పొయ్యి పొగ వచ్చి నా మంచులో కలుస్తోందని అరిచాను నేను. వెనక్కి తిరక్కుండానే అరిచాను. ఎవరమ్మా అక్కడ, ఆర్పెయ్యండి, నా ఫొటో పాడవుతోంది అని. మాట పూర్తి కాకుండానే మై నీళ్లు పోసి ఆర్పేసింది."

"ఆర్పింది మై కాదు నాన్నా."